విశ్వవిద్యాలయం కనుక్కుందన్న వార్త నుంచి అసలు పేపర్ దాకా, అక్కడి నుంచి పాఠం దాకా

మీరు అడిగినవి రెండు. "ఫలానా విశ్వవిద్యాలయ పరిశోధకులు కనుక్కున్నారు" అంటూ రోజూ వచ్చే వార్తల్లో ఏది నమ్మాలి, ఆ పరిశోధన గురించి శాస్త్రవేత్తలు రాసిన అసలు పేపర్ తెరవబోతే డబ్బు కట్టమంటోంది, ఏం చెయ్యాలి అన్నది మొదటిది. చదువు ఆపేసి చాలా కాలమైన మనిషి విశ్వవిద్యాలయాలు ఉచితంగా పెట్టే పాఠాలతో నిజంగా ఏమైనా నేర్చుకోగలడా అన్నది రెండోది.

నేను విశ్వవిద్యాలయ సమాచార విభాగంలో పరిశోధన వార్తలు రాసే పనిలో చాలా ఏళ్లున్నాను. ఆ తర్వాత లైబ్రరీ వైపు మారాను. అటూ ఇటూ పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను, మీ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. మీ మనసుకు పట్టిన వార్త ఒకటి తీసుకుని దాని వెనకున్న పేపర్ దాకా వెళ్లండి. ఆ దారిలో ఏవి అర్థం కాలేదో అవే మీ పాఠాలు. ముందు కోర్సులో చేరిపోయి, ఎందుకు చేరామో తర్వాత చూసుకుందాం అనుకునేవాళ్లు రెండో వారానికే జారిపోవడం లైబ్రరీలో చాలా చూశాను.

ముందు ఆ వార్త ఎలా తయారవుతుందో తెలియాలి. జర్నల్, అంటే పరిశోధన పేపర్లు అచ్చువేసే పత్రిక, ఒక పేపర్‌ని అచ్చుకు తీసుకున్నాక శాస్త్రవేత్త సమాచార విభాగానికి కబురు పెడతారు. అక్కడి రచయిత పేపర్ తిరగేసి, ఆ శాస్త్రవేత్తతో ఓ అరగంట మాట్లాడి, ఒకటి రెండు పేజీల ప్రెస్ నోట్ రాస్తారు. అందులో శాస్త్రవేత్త అన్నట్టుగా కనిపించే మాటలు చాలాసార్లు రచయిత రాసిపెట్టి, ఆయన చేత సరే అనిపించుకున్నవే. "ఈ ఫలితాలు మమ్మల్ని ఆశ్చర్యపరిచాయి" అన్న వాక్యం మీకు ఎక్కడైనా కనబడితే, అది నాలాంటివాళ్ల చేతిపనే అనుకోవచ్చు.

ఆ నోట్ విలేకరులకు ముందుగానే అందుతుంది, ఫలానా రోజు ఫలానా గంట దాకా బయటపెట్టకూడదన్న షరతు మీద. దీన్ని ఎంబార్గో అంటారు. ఇలాంటి నోట్లన్నీ ఒకచోట దొరికేలా అమెరికాలోని శాస్త్రవేత్తల సంఘం ఏఏఏఎస్ 1996లో యురేకఅలర్ట్ అనే సైట్ పెట్టింది. గడువు తీరగానే అన్ని పత్రికలూ ఒక్కసారి వేస్తాయి. ఒకే వార్త ఒకే గంటలో పదిచోట్ల, దాదాపు అవే మాటలతో కనిపించేది అందుకే. పదిచోట్ల వచ్చింది కాబట్టి నిజమే అయ్యుంటుందని అనుకోకండి. పదిచోట్లకీ మూలం ఆ ఒక్క కాగితమే.

ఇంకో సంగతి. "ఇది ఎలుకల మీద చేసిన ప్రయోగం", "మనుషుల్లో ఇంకా చూడాలి" లాంటి వాక్యాలు నోట్‌లో ఉన్నా, చివరి పేరాలో ఉంటాయి. పత్రికలో చోటు చాలకపోతే కత్తెర పడేది కింది నుంచే. 2019లో ఒక పరిశోధకుడు ట్విట్టర్‌లో ఒక ఖాతా తెరిచి, గొప్పగా రాసిన ఆరోగ్య వార్తల మీద "ఎలుకల్లో" అన్న ఒక్క మాట తగిలించి వదిలేవాడు. నవ్వులాటగా మొదలైనా, అంతకన్నా పదునైన విమర్శ నేను చూడలేదు.

లేనిపోనివి కల్పించేది పత్రికలవాళ్లేనని శాస్త్రవేత్తలు విసుక్కుంటూ ఉంటారు. ఆ మాట సగమే నిజమని కార్డిఫ్ విశ్వవిద్యాలయం బృందం లెక్కలతో చూపించింది. బ్రిటన్‌లోని 20 పెద్ద విశ్వవిద్యాలయాలు 2011లో విడుదల చేసిన 462 ప్రెస్ నోట్లను తీసుకుని, ఒక పక్క అసలు పేపర్లతో, ఇంకో పక్క పత్రికల్లో వచ్చిన వార్తలతో పోల్చారు. ఫలితం 2014 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పేపర్‌లో లేనంత గట్టిగా జనానికి సలహా ఇచ్చిన నోట్లు 40 శాతం. రెండు విషయాలు కలిసి కనబడితే ఒకటి రెండోదానికి కారణమని సాగదీసినవి 33 శాతం. జంతువుల మీద చూసినదాన్ని మనుషులకు అంటగట్టినవి 36 శాతం. మనుషులకు అంటగట్టడం నోట్‌లోనే జరిగితే పత్రికా వార్తల్లో 86 శాతం అదే పాట పాడాయి. నోట్ నిగ్రహంగా ఉన్నప్పుడు అలా చేసిన వార్తలు 10 శాతమే. అంటే అతిశయం చాలావరకు మా బల్ల మీదే పుడుతోంది. అన్నిటికన్నా నాకు నచ్చిన ముక్క ఏమిటంటే, ఎక్కువ చేసి చెప్పడం వల్ల వార్తకు ఎక్కువ ప్రచారం వచ్చిందనడానికి పెద్దగా ఆధారమే దొరకలేదు. ఎందుకు చేస్తున్నట్టో మరి!

అందుకే వార్త చేతికి రాగానే నేను చూసేది: ప్రయోగం ఎవరి మీద జరిగింది, కణాల మీదా, జంతువుల మీదా, మనుషుల మీదా? మనుషులైతే ఎంతమంది? వాళ్లకి మందో, ఆహారమో ఇచ్చి చూశారా, లేక ఊరికే గమనించారా? ఇవి చాలామందికి తెలిసినవే. ఎక్కువమంది బోల్తా పడేది శాతాల దగ్గర, కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను.

1995 అక్టోబరులో బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ డాక్టర్లకు ఒక హెచ్చరిక పంపింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలు వాడేవారికి రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతోందన్నది దాని సారాంశం. రెట్టింపు అంటే నూరు శాతం పెరుగుదల. పత్రికల్లో, టీవీల్లో అదే మోగిపోయింది. అసలు అంకెలు చూస్తే, పాత మాత్రలు వాడే 7,000 మందిలో సుమారు ఒకరికి ఆ గడ్డ వచ్చేది, కొత్తవాటితో అది సుమారు ఇద్దరికి అయింది. ఏడు వేలమందిలో అదనంగా ఒక్కరు. కానీ భయపడి మాత్రలు మానేసినవాళ్లు ఎందరో. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు దాదాపు 13,000 పెరిగాయని అంచనా. గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ కూడాను. "రెట్టింపు", "30 శాతం తక్కువ" అని ఎక్కడ చదివినా, దేనికి రెట్టింపు, ఎంతలోంచి 30 శాతం అని అడగండి. ఆ మూల సంఖ్య వార్తలో లేకపోతే మామూలుగా పేపర్‌లోని మొదటి రెండు పట్టికల్లో ఉంటుంది.

తర్వాత, పేపర్ ఏ దశలో ఉందో చూడాలి. పేపరే లేకుండా వార్త వస్తే ఒక్క అడుగు వెనక్కి వెయ్యండి. 1989 మార్చి 23న యూటా విశ్వవిద్యాలయం విలేకరుల సమావేశం పెట్టి, మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర, బల్ల మీది గాజు పాత్రలో అణు సంలీనం (సూర్యుడిలో జరిగేలా అణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడం) సాధించామని పాన్స్, ఫ్లైష్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్తల చేత చెప్పించింది. పేపర్ అప్పటికి అచ్చు కాలేదు. మిగతా ప్రయోగశాలలు వార్తాపత్రికల్లోని ఫొటోలు చూసి పరికరం కట్టుకోవాల్సిన పరిస్థితి. కొద్ది నెలల్లోనే ఎక్కువమంది తమకు ఆ ఫలితం రావడం లేదని తేల్చేశారు.

ఇప్పుడు ఆ కథ ఇంకో రకంగా జరుగుతోంది. జర్నల్ తరఫున వేరే శాస్త్రవేత్తలు చేసే సమీక్షకు ముందే పేపర్‌ని అందరికీ కనబడేలా పెట్టడాన్ని ప్రీప్రింట్ అంటారు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ భౌతిక శాస్త్రజ్ఞుల కోసం మొదలుపెట్టిన ఆర్కైవ్ అనే సైట్ అందులో పెద్దన్న. చాలా ఏళ్లు కార్నెల్ విశ్వవిద్యాలయం దాన్ని నడిపింది, ఇప్పుడు 20 లక్షలకు పైగా పేపర్లు ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చదవచ్చు. 2023 జులైలో దక్షిణ కొరియా పరిశోధకులు గది ఉష్ణోగ్రతలోనే విద్యుత్తుకు అడ్డు లేకుండా పోయే పదార్థం దొరికిందంటూ ఎల్‌కే-99 మీద అందులోనే పేపర్లు పెట్టారు. ప్రపంచమంతా ఊగిపోయింది. కొన్ని వారాల్లోనే వేరే ప్రయోగశాలలు అదే పదార్థం తయారుచేసి చూసి, నిరోధం ఒక్కసారిగా పడిపోయింది అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ వల్లనని చూపించాయి. ప్రీప్రింట్ అంటే అబద్ధమని దీని అర్థం కాదు. తప్పు అంత తొందరగా పట్టుబడింది కూడా అందరి ముందూ పెట్టబట్టే. చదివేటప్పుడు అది ఇంకా ఎవరూ తనిఖీ చెయ్యని కాగితమని గుర్తుంటే చాలు.

ఆ సమీక్ష (పీర్ రివ్యూ) దాటిందంటే ఆ రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురు చదివి, ఫరవాలేదన్నారని. అంతకుమించి భరోసా లేదు. 2010 డిసెంబరులో సైన్స్ జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది, కాలిఫోర్నియాలోని మోనో సరస్సు నుంచి తెచ్చిన బాక్టీరియా జీవులన్నిటికీ తప్పనిసరైన ఫాస్ఫరస్‌కు బదులు విషమైన ఆర్సెనిక్ వాడుకుని బతుకుతోందని. నాసా పెద్ద విలేకరుల సమావేశమే పెట్టింది. 2012లో అదే జర్నల్‌లో రెండు బృందాలు కాదని చూపించాయి. చివరికి 2025 జులైలో సంపాదకులు ఆ పేపర్‌ని ఉపసంహరించారు, రచయితలు మాత్రం ఒప్పుకోలేదు. మొదటి వార్త చదివినవాళ్లలో ఎంతమందికి ఈ రెండో సంగతి తెలుసు? గూగుల్ స్కాలర్‌లో పేపర్ పేరు కొడితే దాని కింద, ఆ తర్వాత ఎవరెవరు దాన్ని ప్రస్తావించారో చూపే లింకు ఉంటుంది. పాత పరిశోధన ఏదైనా చదివేముందు అది నొక్కండి. ఉపసంహరణలు విడిగా చూడాలంటే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఉంది, అదీ ఉచితమే.

ఇక డబ్బు అడిగే పేజీ సంగతి. అక్కడితో వెనక్కి వచ్చేయకండి, ఆ డబ్బూ కట్టకండి. మీరు కట్టినా అందులో పేపర్ రాసినవాళ్లకి మామూలుగా పైసా చేరదు. పేపర్‌కి డీఓఐ అని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, 10తో మొదలవుతుంది. ప్రెస్ నోట్ చివర అది ఉండాలి. అది కూడా ఇవ్వని నోట్ మీద నాకు అంత గౌరవం లేదు. దాన్ని పట్టుకుని వెతికితే, జర్నల్ తాళం వేసిన పేపరే ఇంకోచోట బార్లా తెరిచి కనబడుతుంది. కారణం ఉంది. హార్వర్డ్‌లో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ అధ్యాపకులు 2008 ఫిబ్రవరిలో తమ పేపర్ల రాతప్రతులను విశ్వవిద్యాలయం భాండాగారంలో అందరికీ అందుబాటులో ఉంచాలని తీర్మానించారు. తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు ఆ బాట పట్టాయి. వైద్య పరిశోధనకైతే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ నడిపే పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత భాండాగారం 2000 నుంచి ఉంది. ఎన్‌ఐహెచ్ డబ్బుతో చేసిన పని ఏడాది లోపు అందులో పెట్టాలన్న నిబంధన 2008లో వచ్చింది, 2025 జులై నుంచి ఆ ఏడాది గడువు కూడా తీసేశారు.

ఇవన్నీ మీరు ఒక్కొక్కటే తిరగక్కర్లేదు. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే చిన్న ఉపకరణం పెట్టుకుంటే, చట్టబద్ధంగా ఉచితంగా దొరికే కాపీ ఎక్కడుందో అదే చూపిస్తుంది. గూగుల్ స్కాలర్‌లో అన్ని వెర్షన్లూ చూపే లింకు కూడా అదే పని చేస్తుంది. అలా దొరికే రాతప్రతిలో జర్నల్ పేజీ అలంకారం ఉండదు, విషయం మాత్రం అదే. అప్పటికీ దొరక్కపోతే దగ్గర్లోని విశ్వవిద్యాలయ లైబ్రరీకి వెళ్లి, బయటివాళ్లు లోపలి కంప్యూటర్‌లో జర్నళ్లు చదువుకోవచ్చా అని అడగండి. చాలా చందా ఒప్పందాల్లో దానికి వీలుంటుంది. కౌంటర్‌లో ఉన్న మనిషికే ఆ సంగతి తెలియకపోవచ్చు, ఎలక్ట్రానిక్ వనరులు చూసేవారిని పిలవమనండి.

పేపర్ చేతికొచ్చాక మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి, మూడో పేరాలోనే నిద్రొస్తుంది. పైన ఉన్న సారాంశం చదివి, నేరుగా ఉపోద్ఘాతం చివరి పేరాకి వెళ్లండి. "ఈ పేపర్‌లో మేం చూసింది ఇది" అని అక్కడ చెప్తారు. తర్వాత బొమ్మలూ, పట్టికలూ, వాటి కింది వివరణలూ. ఆ తర్వాత చర్చ భాగంలో పరిమితులు ఏం రాసుకున్నారో చూడండి. ప్రెస్ నోట్‌లో ఎగిరిపోయేది ఈ పేరాయే. చివర్న డబ్బు ఎవరిచ్చారు, ఎవరికి ఏ కంపెనీతో సంబంధం ఉంది అన్నది. పద్ధతుల భాగం మొదటిసారి వదిలేసినా నష్టం లేదు. ఇదంతా అయ్యేసరికి మీ కాగితం మీద అర్థం కాని మాటలు పదో పదిహేనో పోగవుతాయి. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అనో, ఎంజైమ్ అనో, రిగ్రెషన్ అనో.

మీ రెండో ప్రశ్న ఇక్కడ కలుస్తుంది. ఆ మాటల జాబితాయే మీ సిలబస్.

కోర్సుల గురించి నిజం చెప్పాలంటే, 2011లో స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ పాఠాన్ని అందరికీ తెరిస్తే 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచింది ఇరవై వేల పైచిలుకు. ఇక విశ్వవిద్యాలయ చదువులకు కాలం చెల్లిందని అప్పట్లో గొప్పగా రాశారు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి నడిపిన ఆన్‌లైన్ కోర్సుల లెక్క 2019లో సైన్స్‌లో వచ్చింది, 2017-18లో చేరినవాళ్లలో పూర్తిచేసింది 3 శాతం చిల్లర. కోర్సుల్లో లోపమని కాదు. ఇంకెవరో వేసిన క్రమంలో, ఇంకెవరి అవసరానికో పెట్టిన పాఠాన్ని బయటి మనిషి చివరిదాకా మోయడం కష్టం. మీకు కావలసింది ఒక అధ్యాయమైతే ఒక అధ్యాయమే చదవండి. ఎవరూ హాజరు వెయ్యరు.

దానికి నేను ముందుగా చెప్పేది ఓపెన్‌స్టాక్స్. రైస్ విశ్వవిద్యాలయం 2012 నుంచి వేస్తున్న పాఠ్యపుస్తకాలు. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, అన్నీ కాలేజీ మొదటి ఏళ్ల స్థాయివి. దాచిపెట్టుకోవచ్చు, లాగిన్ గొడవ లేదు. పేపర్లు చదవాలనుకునే వాళ్లందరికీ గణాంకశాస్త్రం పుస్తకంలో నాలుగైదు అధ్యాయాలు తప్పవు, మిగతావి మీ అవసరాన్ని బట్టి. బొమ్మ కదిలితేగానీ బుర్రకెక్కని సంగతులకు కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు ఉన్నాయి. పిల్లలవని తీసిపారేయకండి, విద్యుత్ వలయాలు పెద్దవాళ్లకీ అక్కడే తేలిగ్గా అర్థమవుతాయి.

లోతుకి దిగాలనుకుంటే ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్. 2001లో ప్రకటించారు, ఇప్పుడు 2,500కు పైగా కోర్సుల సామగ్రి ఉంది. చేరడం, గడువు, సర్టిఫికెట్ ఏవీ లేవు. అందరూ వీడియోలు చూసి ఆగిపోతారు. అసలు నిధి లెక్కల కాగితాల్లో, పాత పరీక్షల్లో, వాటి జవాబుల్లో ఉంది. అక్కడి గణిత ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ లీనియర్ ఆల్జీబ్రా ఉపన్యాసం వింటున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. దానికిచ్చిన లెక్కలు నాలుగు చేసి చూడండి, ఏం అర్థమైందో, ఏం కాలేదో బయటపడుతుంది. ఇంజినీరింగ్ విషయాలకు ఐఐటీలూ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ పాఠాల సైట్ కూడా అంతే విలువైనది.

మానవీయ శాస్త్రాల వైపు వెళ్లేవాళ్లకు స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం 1995 నుంచి ఉంది. ప్రతి వ్యాసం ఆ విషయంలో పనిచేసిన మనిషి చేత రాయించి, సమీక్ష చేయించి, కొన్నేళ్లకోసారి తిరగరాయిస్తారు. షికాగో విశ్వవిద్యాలయం సైట్‌లో బ్రౌన్ దొర నిఘంటువు, గ్విన్ నిఘంటువు రెండూ వెతుక్కునేలా పెట్టారు. తెలుగు మీద ఆసక్తి ఉంటే ఆ పేజీ తెరిచి పెట్టుకోండి, రోజులు గడిచిపోతాయి.

చదవడమే కాదు, మీరే పరిశోధనలో చెయ్యి వెయ్యొచ్చు కూడా. 2007 జులైలో ఆక్స్‌ఫర్డ్ ఖగోళ శాస్త్రజ్ఞులు దాదాపు పది లక్షల గెలాక్సీల ఫొటోలు జనం ముందు పెట్టి, ఇది సుడి ఆకారమా, గుండ్రమా చెప్పమన్నారు. గెలాక్సీ జూ అని దాని పేరు. మొదటి ఏడాది లక్షన్నర మంది 5 కోట్ల వర్గీకరణలు చేసిపెట్టారు. వాళ్లలో హానీ వాన్ ఆర్కెల్ అనే డచ్ స్కూలు టీచర్ ఒక గెలాక్సీ పక్కన వింత మరక చూసి, ఇదేమిటని అడిగింది. ఎవరికీ తెలియలేదు. ఆరిపోయిన గెలాక్సీ కేంద్రం వెలుగు తగిలి ఇంకా మెరుస్తున్న వాయు మేఘమని తర్వాత తేలింది. ఇప్పుడది ఆవిడ పేరుతోనే పేపర్లలో ఉంది. అలాంటి పనులు జూనివర్స్ సైట్‌లో చాలా నడుస్తున్నాయి. పక్షుల మీద మక్కువ ఉంటే కార్నెల్ వాళ్ల ఈబర్డ్ ఉంది.

చివరిగా, మొహమాటం వల్ల ఎవరూ చెయ్యని పని ఒకటి. ఎంత వెతికినా పేపర్ దొరక్కపోతే రాసినవాళ్లకే మెయిల్ చెయ్యండి. సంప్రదించవలసిన రచయిత ఎవరో, వారి చిరునామా ఏదో సారాంశం పేజీలోనే ఉంటుంది, దానికి డబ్బు అడగరు. నాలుగు వాక్యాలు చాలు. ఫలానా పేపర్ అని డీఓఐతో సహా చెప్పండి, మీరు ఎవరో ఒక ముక్కలో చెప్పండి, ఒక ప్రతి పంపగలరా అని అడగండి. ప్రశ్న ఉంటే ఒకటే అడగండి, అదీ "మీ పరిశోధన గురించి వివరించండి" అని కాకుండా, "రెండో పట్టికలో స్త్రీల సంఖ్య ఎందుకు అంత తక్కువ" లాంటిది. విశ్వవిద్యాలయంలో నేను చూసినంతలో తమ పేపర్‌ని బయటి మనిషి పట్టిక దాకా చదివాడని తెలిస్తే సంతోషించని శాస్త్రవేత్త అరుదు. రెండు వారాల్లో జవాబు రాకపోతే, పేపర్ రచయితల జాబితాలో మొదటి పేరుకి రాయండి. ఎక్కువగా అది పరిశోధక విద్యార్థి పేరై ఉంటుంది, ప్రొఫెసర్ కన్నా త్వరగా పలుకుతారు.